థార్‌కు 33 అంగుళాల టైర్లు: 90 దగ్గర మొదలయ్యే వణుకు ఎక్కడిది?

వాహనం: 2021 మోడల్ మహీంద్రా థార్, డీజిల్. కంపెనీ ఇచ్చిన 245/75 ఆర్16 టైర్లు తీసేసి దాదాపు 33 అంగుళాల ఎత్తుండే 285/75 ఆర్16 మడ్ టెరైన్ (బురద నేలల కోసం చేసిన) టైర్లు వేయించారు. రిమ్ములు కూడా కంపెనీవి కావు, బయట కొన్న అల్లాయ్‌లు. బండిని రెండు అంగుళాలు పైకి లేపే లిఫ్ట్ కిట్ ఉంది.

ఫిర్యాదు: మీటరులో 85 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. 90, 95 మధ్య సీటు కింద కూడా అదురు తెలుస్తుంది. 105 దాటితే కాస్త తగ్గుతుంది.

యజమానికి తాండూరు వైపు కంది పొలం ఉంది, కుటుంబం హైదరాబాద్‌లో ఉంటుంది. వానాకాలంలో ఆ రేగడి మట్టిలోకి మామూలు టైర్లతో దిగితే బయటికి రావడం ట్రాక్టర్ ఉంటేనే సాధ్యం. కాబట్టి ఈ టైర్లు ఆయనకు అవసరం, అలంకారం కాదు. అదే బండిలో పిల్లలను, పెద్దవాళ్లను ఎక్కించుకుని హైవే మీద వెళ్లాలి. "పాత టైర్లే వేసుకోండి" అని పంపేయడం తేలిక. కానీ అది ఆయన అడిగినదానికి జవాబు కాదు.

"అన్నా, ఇప్పటికే రెండు మూడు చోట్ల బ్యాలెన్సింగ్ చేయించాను. చేయించిన రోజు కాస్త నయం అనిపిస్తుంది, వారం తిరిగేసరికి మళ్లీ మామూలే. చివరి షాపులో అయితే, ఇంత పెద్ద టైర్లకు ఇంతే, అలవాటు చేసుకోవాలన్నారు" అన్నారు.

ఆ మాట నేను ఒప్పుకోను. బ్యాలెన్సింగ్ అంటే చక్రంలో ఒకవైపు ఎక్కువున్న బరువుకు ఎదురుగా చిన్న లోహపు వెయిట్లు పెట్టి సరిచేయడం. మడ్ టైరు మోత వేరు, వణుకు వేరు. పెద్ద పెద్ద ట్రెడ్ గడ్డలు రోడ్డును కొడుతుంటే వచ్చే మోత ఆ టైరు తీరులోనే ఉంది, బ్యాలెన్సింగ్‌తో పోదు. స్టీరింగ్ చేతిలో కొట్టుకోవడం మాత్రం ఒక లోపం. లోపానికి కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది.

చక్రం విప్పకముందే ఔటర్ రింగ్ రోడ్డు మీదికి తీసుకెళ్లాను. అక్కడ రోడ్డు నున్నగా ఉంటుంది కాబట్టి రోడ్డు కుదుపును చక్రం కుదుపుగా పొరబడే అవకాశం తక్కువ. ముందు అసలు వేగం తేల్చుకోవాలి. పాత టైరు ఎత్తు 774 మిల్లీమీటర్లు, కొత్తది 834. అంటే చక్రం ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు 8 శాతం ఎక్కువ దూరం పోతుంది, మీటరుకు ఆ సంగతి తెలియదు. కంపెనీ మీటర్లు సాధారణంగా కాస్త ఎక్కువ చూపిస్తాయి కాబట్టి తేడా కొంత సర్దుకుంటుంది. ఈ బండిలో మీటరు 90 చూపుతున్నప్పుడు ఫోనులోని జీపీఎస్ 94 చూపింది.

94 కిలోమీటర్ల వేగంలో ఈ టైరు సెకనుకు 10 సార్లకు కాస్త పైగా తిరుగుతుంది. డ్యాష్‌బోర్డు మీద ఫోను పెట్టి వైబ్రేషన్ కొలిచే యాప్ తెరిస్తే పెద్ద శిఖరం సరిగ్గా అక్కడే, 10 హెర్ట్జ్‌కు (సెకనుకు 10 సార్లకు) కాస్త పైన కనిపించింది. లిఫ్ట్ కిట్ వేసిన బండ్లలో, ఇంజిను శక్తిని ఇరుసుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి దాని వల్ల కూడా అదురు వస్తుంది. అయితే షాఫ్ట్ చక్రం కంటే మూడున్నర, నాలుగు రెట్లు వేగంగా తిరుగుతుంది కాబట్టి ఆ అదురు 35, 40 హెర్ట్జ్ దగ్గర సన్నగా, జుమ్మని ఉంటుంది. పైగా యాక్సిలరేటర్ మీద కాలు పెట్టినప్పుడు ఒకలా, తీసినప్పుడు ఒకలా మారుతుంది. వెనుక బండ్లేవీ లేనప్పుడు న్యూట్రల్ చేసి చూశాను. వణుకు అలాగే ఉంది. ఇంజిను, క్లచ్ లెక్కలోంచి తప్పుకున్నాయి, శిఖరం 10 హెర్ట్జ్ దగ్గరే ఉంది కాబట్టి షాఫ్ట్ కూడా. తిరిగొచ్చాక జాకీ మీద ఎత్తి బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, వీల్ బేరింగులు పట్టి ఊపి చూశాను. ఎక్కడా వదులు లేదు. ఇక మిగిలినవి చక్రాలే.

105 దాటితే ఎందుకు తగ్గుతుంది? ఇరుసు, చక్రం, బ్రేకు కలిసి స్ప్రింగ్‌కూ టైరుకూ మధ్య తమదైన లయలో ఎగురుతాయి. చాలా బండ్లలో ఆ లయ 10 నుంచి 15 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. చక్రం బరువు పెరిగేకొద్దీ కిందికి దిగుతుంది. చక్రం తిరిగే వేగం ఆ లయతో కలిసినప్పుడు చిన్న తేడా కూడా పెద్దదై కనిపిస్తుంది, దాటిపోతే నెమ్మదిస్తుంది. తేడా పోయిందని కాదు, దాన్ని పెంచి చూపేది తప్పుకుందని.

నాలుగు చక్రాలు విప్పగానే మొదటి కారణం కంటికే కనిపించింది. వెనుక రెండు రిమ్ముల లోపలి గుండ్రంలో రేగడి మట్టి ఎండి సిమెంటులా అంటుకుని ఉంది. పైనుంచి నీళ్లు కొట్టి కడిగితే పోని మట్టి అది, లోపలివైపు చేయి పెట్టి తడిమితేనే తెలుస్తుంది. స్క్రూడ్రైవరుతో గీరి తీసి తూకం వేస్తే ఒక్క చక్రంలోంచే 240 గ్రాములు వచ్చింది. అంతా ఒకే పక్కన. ఆ మట్టి ఉండగానే దాని మీద లెక్క చూసి ఎదురుగా వెయిట్లు అంటించిన ఆనవాళ్లు కూడా ఉన్నాయి. మట్టి రాలిపోయిన రోజున ఆ వెయిట్లే అసలు లోపంగా మారతాయి. చేయించిన వారానికే వణుకు తిరిగి రావడానికి సగం కారణం ఇదే.

పాత వెయిట్లన్నీ పీకేశాను. పెద్ద టైర్ల పని నేను ఎప్పుడూ సున్నా నుంచే మొదలుపెడతాను. పాత వెయిట్లకు పక్కన కొత్తవి చేర్చుకుంటూ పోతే ఏది దేనికి పెట్టారో ఎవరికీ అర్థం కాదు. ఈ బండి ముందు ఎడమ చక్రంలో ఎదురెదురుగా వెయిట్లు ఉన్నాయి, ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుంటూ. ట్రెడ్ సందుల్లో ఇరుక్కున్న కంకర కూడా ఏరేశాం.

తర్వాతిది అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష. చాలా షాపుల్లో దీన్ని చేయరు. చక్రాన్ని బ్యాలెన్సింగ్ మెషీన్ మీద పెట్టి, చూపినన్ని వెయిట్లు పెట్టి, రెండు వైపులా సున్నా తెచ్చుకున్నాం. ఇప్పుడు నట్టు వదులు చేసి, మెషీన్ షాఫ్ట్‌ను కదలనీయకుండా చక్రాన్ని మాత్రం సగం చుట్టు తిప్పి, మళ్లీ బిగించి తిప్పాను. నిజంగా బ్యాలెన్స్ అయి ఉంటే మళ్లీ సున్నా రావాలి. ముందు ఎడమ చక్రానికి ఒకవైపు 35, మరోవైపు 30 గ్రాములు చూపింది. అంటే మెషీన్ కొలిచింది చక్రాన్ని కాదు, చక్రం షాఫ్ట్ మీద పక్కకు కూర్చున్న తీరును.

ఎందుకలా? బయట కొనే రిమ్ములు రకరకాల బండ్లకు పనికి రావాలని మధ్య రంధ్రం పెద్దదిగా చేస్తారు. బండి మీద ఆ రిమ్ము మధ్య రంధ్రం హబ్‌కు (చక్రాన్ని బిగించే ఇరుసు చివరి భాగానికి) ఆనుకుని కూర్చోదు, శంకు ఆకారపు నట్లే దాన్ని మధ్యకు తెస్తాయి. మెషీన్ మీద మాత్రం కోన్‌ను (శంకు ఆకారపు ఇనుప ముక్కను) ఆ మధ్య రంధ్రంలోకి నెట్టి బిగిస్తారు. నట్ల రంధ్రాల కేంద్రం, మధ్య రంధ్రం కేంద్రం ఒక్కటి కాకపోతే బండి మీద ఒక కేంద్రం, మెషీన్ మీద మరొకటి. చిన్న టైరుకు ఇది పెద్దగా తెలియదు. ఇక్కడ టైరు, రిమ్ము కలిపి ఒక్కో చక్రం 38 కిలోలు. కేంద్రం 0.1 మిల్లీమీటరు జరిగితే, 200 మిల్లీమీటర్ల వ్యాసార్థంలో ఉన్న రిమ్ము అంచు దగ్గర 19 గ్రాముల తప్పు లెక్క వస్తుంది. సగం చుట్టు తిప్పి చూస్తే ఆ తప్పు రెట్టింపై బయటపడుతుంది. పై చక్రంలో జరిగింది 0.2 మిల్లీమీటర్ల లోపే, అంటే రెండు కాగితాల మందం.

దీనికి మందు ఫ్లాంజ్ ప్లేటు. నట్ల రంధ్రాల్లో కూర్చునే పిన్నులున్న పళ్లెం అది. వెనుకనుంచి కోన్, ముందునుంచి ఈ ప్లేటు పెట్టి బిగిస్తే చక్రం బండి మీద ఎలా కూర్చుంటుందో మెషీన్ మీద కూడా దాదాపు అలాగే కూర్చుంటుంది. ప్లేటుతో సగం చుట్టు పరీక్ష మళ్లీ చేస్తే తేడా 5 గ్రాములకు దిగింది. ఆ తర్వాతే మెషీన్ అంకెలను నమ్మడం మొదలుపెట్టాను.

అంకెలు నమ్మదగినవైతే సరిపోదు, చక్రం గుండ్రంగా ఉందా అన్నది చూడాలి. వెయిటు తేడా వల్ల పుట్టే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. రిమ్ము అంచు దగ్గర 60 గ్రాముల తేడా 94 కిలోమీటర్ల వేగంలో దాదాపు 5 కిలోల బరువంత బలంతో, సెకనుకు 10 సార్లు కొడుతుంది. అదే 47 దగ్గర దానిలో నాలుగో వంతే. గుండ్రం తప్పిన టైరు సంగతి వేరు. గట్టి సైడ్‌వాల్ ఉన్న ఇలాంటి టైరు ఒక మిల్లీమీటరు కుంగాలంటే 20, 25 కిలోల బరువు కావాలి. ఎత్తు పల్లాల మధ్య 2 మిల్లీమీటర్ల తేడా ఉంటే చక్రం ప్రతి చుట్టుకూ ఇరుసును అటూ ఇటూ అంతటి బలంతో నెడుతుంది. అది ఏ వేగంలోనైనా ఉంటుంది. దాన్ని సీసంతోనో ఇనుముతోనో కప్పిపుచ్చాలని చూస్తే ఒక్క వేగం దగ్గర సర్దుకున్నట్టు అనిపించి మిగతా అన్నిచోట్లా పాడవుతుంది. మెషీన్ "ఓకే" చూపిస్తున్నా రోడ్డు మీద వణికే పెద్ద టైర్లలో చాలావాటి కథ ఇదే.

టైరును రోలరుతో నొక్కి, బరువు కింద అది తిరిగే తీరును కొలిచే రోడ్ ఫోర్స్ మెషీన్లు ఉన్నాయి, ఉంటే మంచిదే. నా దగ్గర ఉన్నది డయల్ గేజ్, చిన్న చిన్న ఎత్తుపల్లాలను ముల్లుతో చూపే సాధనం. మడ్ టైరు మీద గేజ్ నేరుగా పెడితే ముల్లు సందుల్లో పడి ఎగురుతుంది. ట్రెడ్ మధ్య గడ్డల మీదుగా చుట్టూ ఒక వరుస మాస్కింగ్ టేపు బిగుతుగా చుట్టి, దాని మీద గేజ్ చక్రాన్ని ఆనించి, టైరును చేత్తో మెల్లగా తిప్పుతాను. కొలిచే ముందు బండిని ఇరవై కిలోమీటర్ల దాకా నడిపి ఉండాలి. రాత్రంతా నిలబడిన బరువు టైర్లకు కింద చదును పడుతుంది, అది వేడెక్కితేనే పోతుంది.

ముందు కుడి చక్రం 2.6 మిల్లీమీటర్లు చూపింది. మిగతావి 1.2 నుంచి 1.8 మధ్య ఉన్నాయి. మొత్తం చక్రానికి 1.5 దాటితే, తగ్గించే ప్రయత్నం చేయకుండా నేను వదలను. లోపం టైరుదా, రిమ్ముదా? గేజ్‌ను రిమ్ము లోపలి అంచు మీద, బీడ్ (రిమ్మును పట్టుకునే టైరు అంచు) కూర్చునే చోటుకు దగ్గరగా పెడితే 0.9 వచ్చింది. రిమ్ము ఎత్తయిన చోటును, టైరు ఎత్తయిన చోటును సుద్దతో గుర్తు పెడితే రెండూ దాదాపు ఒకే పక్కన ఉన్నాయి. రెండు చిన్న తప్పులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

కొత్త టైరు మీద చాలావరకు ఎరుపు చుక్క, పసుపు చుక్క ఉంటాయి. ఎరుపు చుక్క టైరు ఎత్తయిన, గట్టి చోటు. దాన్ని రిమ్ము పల్లంలో ఉన్న చోటుకు తేవాలి. పసుపు చుక్క తేలికైన చోటు, దాన్ని వాల్వు దగ్గరికి తెస్తారు. రెండూ ఉంటే ఎరుపు చుక్క మాటే వినాలి. ఈ టైర్ల మీద చుక్కలు ఎప్పుడో బురదలో చెరిగిపోయాయి కాబట్టి గేజ్, సుద్దే దిక్కు. గాలి తీసి, బీడ్ విడగొట్టి, టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి, సబ్బునీళ్లు రాసి మళ్లీ గాలి పట్టాం. రిమ్ము అంచుకు కాస్త పైన టైరు చుట్టూ సన్నని గీత ఒకటి అచ్చులోనే వస్తుంది. ఆ గీతకూ రిమ్ముకూ మధ్య ఎడం చుట్టూ ఒకేలా ఉంటేనే బీడ్ సరిగ్గా కూర్చున్నట్టు. ఒకచోట ఎడం తక్కువగా ఉంది. గాలి వదిలి, సబ్బునీళ్లు మళ్లీ రాసి, మళ్లీ పట్టాం. ఇప్పుడు గేజ్ చూపింది 1.0. అంతకుముందు ఈ చక్రానికి 165 గ్రాములు అడిగిన మెషీన్ ఇప్పుడు 70 అడిగింది. 95 గ్రాముల వెయిట్లు వాటి జోలికి వెళ్లకుండానే తగ్గిపోయాయి.

ఇక వెయిట్లు పెట్టే తీరు. అల్లాయ్ అందం చెడుతుందని చాలాచోట్ల మెషీన్‌ను స్టాటిక్ మోడ్‌లో పెట్టి, వెయిట్లన్నీ లోపల ఒకే వరుసలో అంటిస్తారు. చక్రం పైకీ కిందికీ ఎగరడం ఆగుతుంది కానీ 285 మిల్లీమీటర్ల వెడల్పున్న చక్రం పక్కలకు ఊగడం ఆగదు, స్టీరింగ్‌లో తెలిసేది ముఖ్యంగా అదే. వీటిని రెండు వరుసలకూ విడివిడిగా లెక్క చూపే డైనమిక్ మోడ్‌లోనే చేయాలి, రెండు వరుసలనూ ఎంత వీలైతే అంత దూరంగా పెట్టాలి. లోపలి వరుసను లోపలి అంచుకు చేర్చి, బయటి వరుసను చువ్వల వెనుక, బ్రేక్ క్యాలిపర్‌కు తగలనంత లోపలికి అంటించాం. రాళ్లలో తిరిగే బండికి బయటి అంచున క్లిప్ వెయిటు పెడితే మొదటి బండరాయికే ఊడుతుంది. అంటించే చోట తారు, మట్టి, పాత జిగురు పూర్తిగా తుడిచి, ఆరాకే అంటించాలి. చాలా మెషీన్లు 5 గ్రాముల లోపు తేడాను సున్నాగా చూపిస్తాయి, ఫైన్ మీట నొక్కి అసలు అంకె చూసుకోవాలి.

హబ్ ముఖం మీద తుప్పు వైరు బ్రష్‌తో రుద్ది తీశాం. చక్రం గాల్లో ఉండగానే నట్లను చేత్తో, ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించి, కిందికి దించాక టార్క్ రెంచ్‌తో పూర్తిచేశాం. నట్లే చక్రాన్ని మధ్యకు తేవాల్సిన రిమ్ముకు ఇంపాక్ట్ గన్‌తో ఒక నట్టును ముందే బిగించేస్తే, అప్పటిదాకా పడ్డ శ్రమ వృథా.

గాలి గురించి ఒక మాట. ఆయన నాలుగింటిలో 38 పీఎస్‌ఐ పెట్టుకుని తిరుగుతున్నారు. ఈ టైర్లు ఇంతకంటే చాలా బరువైన బండ్లకు కూడా సరిపోయేలా చేసినవి. థార్ బరువుకు అంత గాలి ఎక్కువ. టైరు రాయిలా గట్టిపడి, ఉన్న కొద్దిపాటి గుండ్రం తేడాను కూడా ఇరుసుకు చేరవేస్తుంది. ట్రెడ్ మీద అడ్డంగా సుద్దగీత గీసి కాస్త దూరం నేరుగా నడిపితే గీత మధ్యలో మాత్రమే చెరిగింది. కొద్దికొద్దిగా తగ్గిస్తూ, గీత అంచుదాకా సమానంగా చెరిగేచోట ఆపాం. ముందు 30, వెనుక 28. వెనుక కంది బస్తాలు వేసిన రోజు వెనుక పెంచమని చెప్పాను.

మళ్లీ ఔటర్ మీదికి వెళ్లాం. 90, 95 మధ్య స్టీరింగ్ నిలకడగా ఉంది. ఫోను యాప్‌లోని శిఖరం ముందున్నదానిలో ఐదో వంతుకు దిగింది. ఆయన రెండు చేతులూ వదలకుండానే "ఇది నా బండేనా?" అన్నారు.

టైరులో బ్యాలెన్సింగ్ గుళికలు పోసుకుంటే ఈ తంటా అంతా ఉండదట కదా అని అడిగారు. ఇది చాలామంది అడిగే ప్రశ్న. గుళికలు వాటంతట అవి తేలిక పక్కకు చేరాలంటే చక్రం తిరిగే వేగం పైన చెప్పిన సస్పెన్షన్ లయను దాటి ఉండాలి. దానికి కింద ఉంటే అవి బరువు పక్కకే చేరి వణుకును పెంచుతాయి. ఈ టైర్లకు హైవే వేగాలు సరిగ్గా ఆ సరిహద్దు మీదే ఉన్నాయి. గుండ్రం తప్పిన టైరును గుళికలు గుండ్రంగా చేయవు. వెయిట్లు అంటించే చోటు చాలనంత పెద్ద టైర్లకు వాటితో పని ఉంది, ఈ సైజుకు లేదు. ఇక పంక్చర్ జెల్ టైరులో పోసుంటే దాన్ని పూర్తిగా తుడిచి తీసేదాకా బ్యాలెన్సింగ్ చేయనే చేయను.

ఇంకో విషయం కూడా ఆయనకు చెప్పాను, ఇలాంటి టైర్లతో వచ్చే ప్రతి ఒక్కరికీ చెబుతాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు తయారీదారు నిర్దేశాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. ప్రమాదం జరిగితే బీమా దగ్గర ఇది ప్రశ్న అవుతుంది. కొనకముందు తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

బండి పంపే ముందు ఒక పని చేశాను. నాలుగు చక్రాలకూ వాల్వుకు ఎదురుగా, టైరు మీదికీ రిమ్ము మీదికీ కలిసేలా తెల్ల పెయింటు మార్కరుతో ఒక గీత గీశాను. కొన్ని వారాల తర్వాత, నాట్లు ముగిసే రోజుల్లో ఆయన మళ్లీ వచ్చారు. ఈసారి వణుకు స్టీరింగ్‌లో లేదు, సీటు కింద మాత్రమే ఉంది. వెనుక కుడి చక్రం దగ్గర కూర్చుని చూస్తే గీత రెండు ముక్కలై కనిపించింది. టైరు మీది ముక్క రిమ్ము మీది ముక్కకు ఎనిమిది సెంటీమీటర్ల దూరంలో ఉంది.

బురదలో దిగబడినప్పుడు గాలి 14 దాకా తగ్గించి, లో రేంజ్ గేరులో గట్టిగా లాగించారట. తక్కువ గాలిలో బీడ్ రిమ్మును గట్టిగా పట్టుకోదు, రిమ్ము తిరుగుతుంది కానీ టైరు అక్కడే నిలబడుతుంది. వెయిట్లు రిమ్ము మీద ఉన్నాయి, అవి సరిచేయాల్సిన బరువు టైరుతో పాటు జరిగిపోయింది. విప్పి చూస్తే బీడ్ మీద ఎప్పటిదో గ్రీజు జిడ్డు ఉంది. మొదట టైరు ఎక్కించినప్పుడు ఎక్కడో రాసినది. సబ్బునీళ్లు ఆరిపోతాయి, గ్రీజు ఆరదు. ఆ చక్రాన్ని ముందుసారి బీడ్ విడగొట్టకుండానే బ్యాలెన్స్ చేశాం, ఎందుకంటే దాని గుండ్రం 1.5 లోపే ఉంది. ఈసారి వెనుక రెండూ విప్పి, బీడ్‌నూ రిమ్మునూ ద్రావకంతో తుడిచి, పలచని సబ్బునీళ్లతో ఎక్కించి, పాత గీతకు చేర్చి, మళ్లీ లెక్క చూశాం. బీడ్ లాక్ (బీడ్‌ను రిమ్ముకు బిగించి ఉంచే ఏర్పాటు) లేని రిమ్ములతో 18 కంటే తగ్గించవద్దని, ఎక్కించిన మర్నాటిదాకా గట్టిగా లాగించవద్దని చెప్పాను.

ఈ మొత్తం పనికి నేను గ్రాము లెక్కన డబ్బు తీసుకోను. మన దగ్గర బ్యాలెన్సింగ్ అంటే గ్రాముకు ఇంతని కట్టే అలవాటు ఉంది. ఎక్కువ వెయిట్లు పెడితే ఎక్కువ బిల్లు వచ్చే పద్ధతిలో, టైరును తిప్పి వెయిట్లు తగ్గించాలని ఎవరికి అనిపిస్తుంది? ఇలాంటి పని పూర్తిచేయడానికి సగం రోజు పడుతుంది. ఆ సమయానికి ధర చెప్పి, ఒప్పుకున్నాకే మొదలుపెడతాను.

బండి ఇప్పుడు తిరుగుతున్న తీరు: ముందు రెండు చక్రాలూ గుండ్రంలో 1.0, 1.2. వెనుక కుడి 1.4. వెనుక ఎడమ మాత్రం ఎంత తిప్పి చూసినా 1.6 దగ్గరే ఆగింది. అది టైరులోనే ఉన్న తేడా, రిమ్ము మీద ఎటు తిప్పినా పోదు. 105 పైన సీటులో కొద్దిగా తెలుస్తుంది. మార్చాల్సినంత లోపం కాదు కాబట్టి ఉంచాం. టైర్లను ముందుకూ వెనక్కూ మార్చే వంతు వచ్చినప్పుడు ఆ ఒక్కదాన్ని వెనుకే ఉంచాలని ఆయన సర్వీస్ పుస్తకంలో రాసి, చక్రాల అంకెలన్నీ ఆ పేజీలోనే వేసి ఇచ్చాను.